పువ్వు విప్పి చూడాలి

ల్యాబ్‌లో మిర్చి టిక్కీకి జావాస్క్రిప్టులో ఓ క్లాసు రాశాను. విలువ దాచింది ‘_బరువు’లో. ‘బరువు’ అనే గెట్టర్‌లో మాత్రం ఆ గీత మరచి, ‘దిస్.బరువు’ తిరిగిమ్మన్నాను. ఇంకేముంది! అది తన్ను తానే పిలుచుకుంటూ పోయి, ‘మాగ్జిమమ్ కాల్ స్టాక్ సైజ్ ఎక్సీడెడ్’ అని కూలబడింది.

“నాది దించుకోరా, రికార్డు అయిపోద్ది” అన్నాడు పక్కవాడు. అవును, మార్కులు ఔట్‌పుట్‌కే కదా!

2021లో నల్ల తామరపురుగు వచ్చినప్పుడు పక్కచేలో కొట్టిన మందే మా చేలోనూ కొట్టాం. పురుగు పూతలో దాగింది. అప్పు మాత్రం ఇంట్లో మిగిలింది.

అందుకే దించుకోలేదు. గంట కూర్చుని వెతికి, గీత చేర్చాను. నలభై కిలోల టిక్కీ నలభై చూపింది.

అధ్యాపకులకు నా మనవి ఒక్కటే: తప్పు ఎలా పట్టామో రాసిన పేజీకీ మార్కులివ్వండి. దించుకున్న చదువు, చూడకుండా కొట్టిన మందు ఒకటే.