తాగినవాళ్లకూ ఒక చాప

నైట్ షెల్టర్ల గురించి క్లాసులో మాట వచ్చినప్పుడు ఎక్కువమంది అన్నది ఒకటే: "తాగి వచ్చేవాళ్లని లోపలికి రానివ్వకూడదబ్బా." చాలాచోట్ల రూలూ అదే. ఆ రూలు మారాలని నా అభిప్రాయం.

లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 లెక్కల్లోనే రాయచూరు 2.3 లక్షలు దాటింది. అంటే కనీసం రెండు. కానీ గేటు దగ్గర నోరు వాసన చూసి పంపించేస్తే ఎన్ని కట్టి ఏం లాభం? స్టేషన్ బయట పడుకునేవాళ్లలో ఎవరికి షెల్టర్ ఎక్కువ అవసరమో వాళ్లే బయట మిగిలిపోతారు.

మన జిల్లాలో ఇది ఇంకా పెద్ద సంగతి. అమ్మ కల్లు అంటుంది, నాన్న సేంది అంటారు. ఏ పేరుతో పిలిచినా ఇక్కడ దాంట్లో సీహెచ్ పౌడర్, అంటే క్లోరల్ హైడ్రేట్, కలుపుతారని అందరికీ తెలుసు. ఒళ్లు దానికి అలవాటు పడ్డాక ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, సారా దొరక్క హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం వరస కట్టింది ఇందుకే. మక్తల్ దగ్గర మా మామయ్యకూ రెండో రోజే ఫిట్స్ వచ్చాయి. అవ్వ గాలి సోకిందనుకుంది. ఆయనకి పట్టుకోవడానికి అవ్వన్నా ఉంది. ప్లాట్‌ఫారం మీద మనిషికి ఎవరున్నారు?

హాని తగ్గించడం అంటే తాగమని చెప్పడం కాదు. సీసా గేటు దగ్గర పెట్టించి మనిషిని లోపలికి రానివ్వడం. వాంతి గొంతుకి అడ్డం పడకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టడం. రాత్రంతా ఒకరు మేలుకొని ఉండటం. వణుకు మొదలైతే తిట్టకుండా రిమ్స్‌కి తీసుకెళ్లడం. ఇంతే, పెద్ద ఖర్చేం లేదు.

అమ్మ మాత్రం ఒప్పుకోదు. "పిల్లల్ని పెట్టుకుని ఆ పక్కన ఆడవాళ్లు ఎలా పడుకుంటారే?" అంటుంది. నిజమే. 1992లో దూబగుంటలో సారాకి ఎదురు తిరిగింది ఆడవాళ్లే. 2019లో మద్యం వద్దని చిత్రదుర్గ నుంచి బెంగళూరు దాకా నడిచినవాళ్లలో మన రాయచూరు ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. అందుకే మగవాళ్లకి వేరే షెల్టరో, కనీసం వేరే తలుపున్న హాలో కావాలంటున్నా. ఆడవాళ్ల భయానికి జవాబు ఆ తలుపే. తాగినవాణ్ణి రోడ్డు మీదికి తోస్తే వాడు బస్టాండులో పడుకున్న ఇంకో అమ్మ పక్కకే పోతాడు కదా.

ఈ చలికాలం దుప్పట్లు పంచుదామని మన వాళ్లు అనుకుంటున్నారు. పంచుదాం. ఆ రోజే షెల్టర్ గేటు దగ్గరి అన్నని ఒక మాట అడుగుదాం: రాత్రి పదింటికి తాగి వచ్చినవాణ్ణి మీరేం చేస్తారన్నా?