మూడుంబావులోనుండి ఒకటిముప్పావు

హిందూపురపు మండీనుండి తెచ్చిన మూడుంబావు కిలోల చింతపండులో ఒకటిముప్పావు కిలో పొరుగింటికిచ్చినచో మిగులునది కిలోన్నర యని పలక ముట్టకయే చెప్పగల రొద్దము ప్రాంతపు రైతుబిడ్డడు, ఆ లెక్కయే బడిలో మిశ్రమభిన్నముల వేషమున నల్లబల్లపై కనబడినంతనే తెల్లబోవుటకు కారణము వాని బుద్ధిమాంద్యము గాదు, మనము నేర్పు క్రమమే.

వాడు మూడులో ఒకటి తీసి రెండు వ్రాయును. పావులో ముప్పావు పోదు గనుక ముప్పావులోనే పావు తీసివేసి, రెండున్నర యని ముగించును. వానికంటె చురుకైనవాడు మూడులోనుండి ఒకటి అరువు తెచ్చును గాని, పూర్ణసంఖ్యల తీసివేతలో అట్లు తెచ్చినది పదియగుట అలవాటై, లవములోని ఒకటిని పదునొకండు చేయును. ఈ రెండవ తప్పును నేను గౌరవింతును. ఏలయన వానికి మార్గము తెలిసినది, ఒకటిని ఎన్ని తునకలుగా విప్పవలెనో హారము చెప్పునన్న సంగతి మాత్రమే తెలియలేదు.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చువరకు ఈ సంగతిని అంగడియే నేర్పెడిది. మూడు రూపాయల నాలుగణాలలోనుండి రూపాయి పండ్రెండణాలు తీయవలసిన బాలుడు, ఒక రూపాయిని 16 అణాలుగా మార్చి, 20 అణాలలో 12 తీసి, రూపాయి యెనిమిదణాలు మిగిలెననెడివాడు. అది అక్షరాల మన చింతపండు లెక్కయే! దశాంశపద్ధతి వచ్చినందులకు నాకు విచారము లేదు; అణాల లెక్కలతో తలలు పట్టుకొన్నవారును అనేకులు. కాని అరువనగా పదియేయన్న భ్రమను సరిదిద్దు నిత్యానుభవము అణాలతోనే పోయినది.

అన్నిటిని అపక్రమభిన్నములుగా మార్చి తీసివేయుమను సూత్రము ఎన్నడును తప్పదని యొప్పుకొందును. అయినను 25 1/4 లోనుండి 8 3/4 తీయుటకు 101/4, 35/4 అని గుణించుకొనుచు పోవు బాలునికి, జవాబు పదునారు పదునేడుల నడుమ నుండవలెనన్న యూహయే కలుగదు. ఎచ్చటనో పొరబడి 26 1/2 వచ్చినను వాడు నిశ్చింతగా దానిక్రింద గీత గీయును.

కావున ఉపాధ్యాయుడు మొదట బల్లపై తూకపురాళ్లు పెట్టవలెను. మూడు కిలోరాళ్లు, ఒక పావుకిలోరాయి ఉంచి, కిలోరాళ్లలో ఒకదానిని తీసి, దానికి మారుగా నాలుగు పావుకిలోరాళ్లు పిల్లలచేతనే పెట్టించినచో, 3 1/4 అనునది 2 5/4 యగుట వారు కన్నులార చూతురు. మూడవవంతులకు, ఐదవవంతులకు కాగితపు పట్టీలు మడచిన చాలును. హారములు వేరైన భిన్నముల జోలికి అప్పుడే పోనక్కరలేదు. అపక్రమభిన్నమును, పట్టీలతో పనిలేకయే పిల్లలు ఒకటిని విప్పగలిగిన పిమ్మట నేర్పవచ్చును.