చెవులు బాగానే ఉన్నాయట!

"ఏందిరా, చెవుడా నీకు?" మా అక్క కొడుకు ఇంట్లోనూ బడిలోనూ రోజుకు పదిసార్లు వినే మాట ఇది. వనపర్తిలో నాలుగో తరగతి. టీవీ మోగుతుండగా "పాలు తే" అంటే బాలు తెచ్చిస్తాడు, ఇల్లంతా నవ్వు. నేనూ నవ్వినవాణ్ణే. "సంచిల ఉన్న నీలం నోట్‌బుక్ తీసి, నడిమి పేజీ చింపి, తాతకియ్యి" అంటే సంచి మోసుకొచ్చి నిలబడతాడు. అదే రాత్రి కరెంటు పోయి ఇల్లు సద్దుమణిగాక కథ చెప్తే మాత్రం ఒక్క ముక్క వదలడు.

చెవి పరీక్ష చేయించారు. అంతా నార్మల్. "చెవులు బాగానే ఉన్నయి, వీనికే శ్రద్ధ లేదు" అని పంపేశారు. బావ నిర్ణయం ఏమిటంటే, జూన్‌లో హాస్టల్లో వేయడం. అక్కడైతే దారికొస్తాడట.

ఆ పరీక్ష ఏం చేస్తుంది? నిశ్శబ్దమైన గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి సన్నటి కూతలు వినిపిస్తుంది, వినపడితే చెయ్యెత్తాలి. మన భాషలో చెప్పాలంటే అది పింగ్. పింగ్ వస్తోంది కాబట్టి అప్లికేషన్ బాగానే నడుస్తోందని ఏ క్లయింటుకైనా చెప్పి చూడండి! చెవి దాటాక మెదడు చేయాల్సిన పని చాలా ఉంది: గోలలోంచి మాటను విడదీయడం, పా-బా లాంటి దగ్గరి శబ్దాల తేడా పట్టడం, వరుస గుర్తుంచుకోవడం. అక్కడ వచ్చే ఇబ్బందినే ఆడిటరీ ప్రాసెసింగ్ డిజార్డర్ అంటున్నారు. కొత్త ఫ్యాషనేం కాదు. 1954లోనే ఇటలీలో బొక్కా అనే డాక్టరు, ఆయన సహచరులు, మెదడులో కణితి ఉన్న కొందరు రోగులు మామూలు పరీక్ష పాసవుతూనే, కాస్త చెడగొట్టి వినిపించిన మాటల్ని పట్టలేకపోవడం గమనించారు.

దీనికి వేరే పరీక్షలున్నాయి. రెండు చెవుల్లో ఒకేసారి వేర్వేరు అంకెలు చెప్పి తిరిగి చెప్పమంటారు, గోల మధ్య మాటలు వినిపిస్తారు. సాధారణంగా ఏడేళ్లు నిండాకే చేస్తారు, అంతకు ముందు పిల్లల ఫలితాలు నిలకడగా ఉండవు. నా పేచీ ఇక్కడే. మాటల పరీక్ష పిల్లవాడి భాషలో ఉండాలి. ఇంగ్లీషు పదాల రికార్డింగు వినిపిస్తే కొలిచేది వాడి ఇంగ్లీషును. తెలుగులో అన్నా ఏ తెలుగు? కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో, గద్వాల అలంపురం వైపు, మాటలో కన్నడం కలుస్తుంది. నాగర్‌కర్నూల్ దాటి అచ్చంపేట వెళ్తే యాస ఇంకోటి.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. వినని ప్రతి పిల్లాడికీ ఈ పేరు తగిలించకూడదు. ఇది విడిగా ఒక జబ్బేనా, లేక ఏడీహెచ్‌డీ, భాషా సమస్యలదే మరో ముఖమా అని నిపుణులే కొట్టుకుంటున్నారు. పైగా 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. రాని భాషను గోలలో పట్టడం మంచి చెవులున్నవాడికీ కష్టమే.

పెద్దల్లోనూ ఉంటుంది: పక్షవాతం తర్వాత, తలకు దెబ్బ తగిలాక, వయసు మీదపడ్డాక. కాల్‌లో మాటిమాటికీ "మళ్లీ చెప్పండి" అనే సహోద్యోగిని ప్రిపేర్ కాలేదనుకుంటాం కదా. పాత టెలిఫోన్ లైను మోసుకెళ్లేది సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే. 'స', 'ఫ' లాంటి శబ్దాల్లో చాలా భాగం దానికి పైనే పోతుంది. కాప్షన్లు పెట్టడానికి మనకు పోయేదేం లేదు.

చట్టం సంగతి: 2016 వికలాంగుల హక్కుల చట్టం వినికిడి లోపాన్ని డెసిబెళ్లలో కొలుస్తుంది. రెండు చెవుల్లోనూ 60 డెసిబెళ్ల నష్టం ఉంటేనే లెక్క. మావాడికి సున్నా. ఆ 21 వైకల్యాల్లో దీని పేరు లేదు. చదువుకు సంబంధించిన ప్రత్యేక వైకల్యాల నిర్వచనంలో 'గ్రహణ లోపాలు' అన్న మాట మాత్రం ఉంది, చదవడం రాయడం కూడా దెబ్బతింటే ఆ దారిన అడగొచ్చు.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఈ పరీక్షలు తెలుగులో అక్కడే జరగాలని అడగడం గొంతెమ్మ కోరికేం కాదు. కూలికి పోయే తల్లి గద్వాలలో రైలెక్కి కాచిగూడలో దిగి వచ్చేసరికి ఒక రోజు కూలి పోతుంది, రెండోసారి రమ్మంటే రాదు.

మనవాళ్లం ఊరి బడికి ఏమైనా చేద్దామంటే మొదట కంప్యూటర్లు, తర్వాత డిజిటల్ బోర్డు అంటాం. నేనూ చందా ఇచ్చాను. ఖాళీ తరగతి గదిలో 35 డెసిబెళ్లకు మించి చప్పుడు ఉండకూడదని అమెరికాలో 2002లో ప్రమాణం పెట్టుకున్నారు. మన గదిలో రేకుల కప్పు, ఒట్టి గోడలు, కిర్రుమనే ఫ్యాను, పక్క క్లాసు ఎక్కాలు. కిటికీలకు మందపాటి తెరలు, బెంచీల కాళ్లకు రబ్బరు తొడుగులు, టీచరుకు చిన్న మైకు... డిజిటల్ బోర్డు ఖర్చులో ఇవన్నీ ఎన్ని గదులకు వస్తాయో మీరే లెక్కేయండి. ముందు బెంచీకైతే అసలు ఖర్చే లేదు. వీళ్ల టీచరమ్మ ఒప్పుకుంది, ఒక్కో పని విడిగా చెప్తోంది, హోంవర్కు బోర్డు మీద రాస్తోంది.

నయమైపోయాడని కాదు. పాలు అడిగితే మొన్న కూడా బాలే వచ్చింది. వచ్చే వారం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రానికి తీసుకెళ్తున్నాం. బావ ఇంకా హాస్టలే అంటున్నాడు. ఒక్క హాల్లో యాభై మంది పిల్లలు, ఆ గోలలో వీడు. ఆ మాట చెప్తే "నువ్వు మరీ చేస్తున్నవ్" అన్నాడు. బయల్దేరే రోజు మాత్రం సెలవు పెట్టి తనూ వస్తానన్నాడు.