దారిలోనే ఉంది లోకం

ఓపెన్ వరల్డ్ ఆటల్లో మ్యాపులు ఏటేటా పెద్దవవుతున్నాయి. దూరాలు మాత్రం ఏటేటా చిన్నవవుతున్నాయి. కొండలు, అడవులు, కోటలు, పట్టణాలతో గంటల తరబడి నడిచినా తరగనంత నేల పరుస్తారు. ఆ నేల మీద కాలు పెట్టే అవసరం లేకుండా, మ్యాపులో ఓ బొమ్మ నొక్కగానే అక్కడికి చేర్చేసే సదుపాయమూ వాళ్లే ఇస్తారు. ఆట ముగిశాక మనకు ఆ దేశం గుర్తుండదు. మ్యాపు గుర్తుంటుంది.

2024 మార్చి 22న విడుదలైన డ్రాగన్స్ డాగ్మా 2 ఈ ధోరణికి ఎదురు నిలిచింది. వచ్చినప్పటి నుంచీ ఆడుతున్నాను. చూడాల్సిన దేశం ఇంకా చాలా ఉంది, తేలాల్సిన కథ ఇంకా చాలా ఉంది. అయినా ఆట పూర్తయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాను. ఎందుకంటే ఈ ఆట గొప్పతనమంతా దారిలోనే ఉంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లడానికి మన దగ్గర ఎంతో కొంత ఖర్చయినప్పుడే ఊహాలోకం నిజమనిపిస్తుందని ఇది నమ్ముతుంది. ఆ నమ్మకం నాకు నచ్చింది.

ముందు కథ. ఓ డ్రాగన్ వచ్చి మన గుండెను పెరికి మింగేస్తుంది. గుండె పోయినా మనం చావం. అలా మిగిలినవాళ్లను అరిజెన్ అంటారు. డ్రాగన్‌ను వెతికి పట్టుకుని గుండె తిరిగి తెచ్చుకోవడం అరిజెన్ విధి. వెర్మండ్ మనుషుల రాజ్యం. ఆ రాజ్యానికి అసలు ఏలిక అరిజెనే. కానీ ఆట మొదలయ్యేసరికి మనం గతమేదీ గుర్తులేని బందీలం. మన పేరు చెప్పుకుని ఇంకెవరో గద్దెనెక్కారు. అక్కడి నుంచి తప్పించుకుని, రాజధాని వెర్న్‌వర్త్ చేరి, మనమెవరమో నిరూపించుకోవాలి. కథగా చూస్తే ఇందులో మరీ కొత్తదనమేమీ లేదు. కొత్తదనమంతా ఆ రాజధానికి చేరడంలో ఉంది.

ఈ ఆటలో ఒక్క క్షణంలో ఊరు మారాలంటే ఫెర్రీస్టోన్ అనే రాయి కావాలి. అంగట్లో దాని ధర 10,000 బంగారు నాణేలు. మొదట్లో అది కొనగలిగే డబ్బు మన దగ్గర ఉండదు. కొన్నా అది ఒక్కసారికే పనికొస్తుంది. పైగా దాంతో ఎక్కడికి పడితే అక్కడికి వెళ్లలేం, పోర్ట్‌క్రిస్టల్ అనే స్ఫటికం ఉన్న చోటికే వెళ్లగలం. ఆ స్ఫటికాలు దేశం మొత్తం మీద కొన్ని చోట్లే ఉన్నాయి. లేదంటే ఎద్దుబండి ఉంది. కాస్త డబ్బిచ్చి బండెక్కి కునుకు తీయొచ్చు. దారి సుఖంగా ఉంటే మెలకువ వచ్చేసరికి ఊరు వచ్చేస్తుంది. లేకపోతే బండివాడి కేక విని మధ్యదారిలో లేవాలి. ఒక్కోసారి గాబ్లిన్లు బండిని చుట్టుముడతాయి. ఒక్కోసారి ఆకాశం నుంచి గ్రిఫిన్ వచ్చి వాలుతుంది. ఎద్దు చచ్చిందా, బండి విరిగిందా, మిగతా దూరం నడవాల్సిందే. ఈదుకుంటూ అడ్డదారిన పోదామంటే అదీ కుదరదు. లోతు నీళ్లలో దిగితే బ్రైన్ అనే ఎర్రటి జీవి చుట్టేసి లాక్కుపోతుంది.

మెల్వ్ అనే పల్లె నుంచి వెర్న్‌వర్త్‌కు ఓసారి మధ్యాహ్నం దాటాక కాలినడకన బయల్దేరాను. దారి పక్క పొదల్లో గాబ్లిన్లు కాపు కాశాయి. వాటితో తేల్చుకునేసరికి పొద్దు వాలింది. ఈ ఆటలో చీకటంటే నిజంగా చీకటే. నడుముకు కట్టుకున్న లాంతరు వెలుగు నాలుగడుగుల అవతలికి పోదు. లాంతరులో నూనె కూడా అయిపోతూ ఉంటుంది. ఎముకల గూళ్లు లేచి తిరిగేది ఆ వేళలోనే. కాసేపటికి నేల అదిరే అడుగుల చప్పుడు వినిపించింది. ఎటువైపు నుంచో తెలియలేదు. ఓ చెట్టు పక్కకు ఒరిగాక, దాని వెనక ఒంటికన్ను రాక్షసుడు సైక్లోప్స్ కనిపించాడు. వాడి మోకాలి మీది గుడ్డ పట్టుకుని వేలాడాను. అక్కడి నుంచి నడుము, వీపు, మెడ దాకా పాకి కంటి మీద కత్తితో పొడిచాను. వాడు తూలి లోయ అంచు మీద పడ్డాడు. ఆ పోరాటాన్ని ఎవరూ ముందుగా రాసి పెట్టలేదు. చీకటి, ఆ రాక్షసుడు, లోయ, నా తొందర కలిసి దాన్ని అప్పటికప్పుడు కల్పించాయి. బండెక్కి పడుకుని ఉంటే అది నాకు దక్కేది కాదు.

దెబ్బ తిన్న ప్రతిసారీ మన ప్రాణశక్తిలో కొంత భాగం తరిగిపోతుంది. మామూలు మందులు తాగినా, మంత్రం వేసినా ఆ భాగం తిరిగి రాదు. ఎక్కడో ఒక చోట పడుకుని లేస్తే వస్తుంది. అందుకే ఎంత దూరం పోగలం, ఎప్పుడు ఆగాలి అన్న లెక్క దారి పొడవునా మనసులో నడుస్తూనే ఉంటుంది. ఊరు దూరమైతే దారిలోనే గుడారం వేయాలి. గుడారం సామాను మోయాలి, దాని బరువుకు నడక మందగిస్తుంది. నిప్పు చుట్టూ కూర్చున్నాక వేటాడి తెచ్చిన మాంసం కాల్చుకోవచ్చు. ఇక్కడ ఆట ఓ ముచ్చటైన పని చేసింది. ఆ మాంసం బొమ్మ కాదు. నిజం మాంసాన్ని నిజం పెనం మీద వేసి తీసిన వీడియో. కొవ్వు కరిగి చిటపటలాడుతుంది, అంచులు ఎర్రబడతాయి, ఆవిరి లేస్తుంది. రోజంతా నడిచిన అలసట ఆ కొద్ది క్షణాల్లో తీరిపోతుంది. ఆ తర్వాత నిద్ర. నిద్రలో ఎవరూ మీద పడకపోతే అదృష్టం.

మజిలీల చుట్టూ కథ అల్లడం తెలుగు పాఠకులకు కొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథలు పన్నెండు భాగాల పొడవునా సాగింది ఆ పద్ధతి మీదే. కాశీకి వెళ్లే యతి, తోడు వచ్చిన పశులకాపరి కుర్రాడికి ఆగిన ప్రతి చోటా ఓ కథ చెబుతాడు. కుర్రాడు ఆ ఊళ్లో ఏదో వింత చూసొచ్చి దాని సంగతేమిటని అడుగుతాడు, కథ అక్కడ మొదలవుతుంది. ఒక్క అంగలో కాశీ చేరే మంత్రం వాళ్లకు దొరికి ఉంటే ఆ పన్నెండు భాగాల్లో ఒక్కటీ పుట్టేది కాదు.

ఈ ఆటలోనూ తోడు ఉంటుంది. వాళ్లను పాన్‌లు అంటారు, అంటే బంట్లు. ఒక బంటును మనమే తయారు చేసుకుంటాం. ఇంకో ఇద్దరు ప్రపంచంలో వేరే ఎవరో ఆటగాళ్లు తయారు చేసిన బంట్లు. మనం నిద్రపోయినప్పుడు మన బంటు కూడా అలాగే వేరేవాళ్ల లోకాల్లోకి వెళ్లి పని చేసి వస్తుంది. అక్కడ నేర్చినది ఇక్కడ ఉపయోగపెడుతుంది. ఓ గుహ ముందు నిలబడితే, ఇంకో అరిజెన్‌తో ఇక్కడికి వచ్చానని చెప్పి లోపల పెట్టె ఎక్కడుందో చూపిస్తుంది. ఎల్ఫ్‌ల భాష మనకు రాదు. ఆ భాష నేర్చిన బంటు పక్కన ఉంటే వాళ్ల మాటలు మనకు విడమరిచి చెబుతుంది. తెర మీద బాణం గుర్తు చూపించే సాయానికీ, ఆ దారి ఎరిగిన తోడు ముందు నడిచే సాయానికీ చాలా తేడా ఉంది. బాణం వెంట వెళ్లేటప్పుడు మన చూపు బాణం మీదే ఉంటుంది. తోడు వెంట వెళ్లేటప్పుడు చెట్టూ పుట్టా కనిపిస్తాయి.

ఇలా దారి వెతుక్కుంటూ ప్రయాణించడం ఒకప్పుడు ఈ రకం ఆటల్లో మామూలే. బెథెస్డా సంస్థ 2002లో విడుదల చేసిన మారోవిండ్‌లో ఊరు మారాలంటే సాధారణంగా పడవెక్కాలి, లేదా సిల్ట్ స్ట్రైడర్ అనే పెద్ద పురుగు వీపు మీద ఎక్కాలి. అవి వెళ్లని చోటికి నడవాలి. దారి అడిగితే వాగు వెంట తూర్పుకు వెళ్లు, రాతిగుట్ట దగ్గర తిరుగు అని మాటల్లో చెప్పేవారు. 2006లో అదే వరుసలో వచ్చిన ఆబ్లివియన్‌లో మ్యాపు మీద నొక్కి ఎగిరిపోయే పద్ధతి ఉంది. గమ్యం మీద గుర్తు పెట్టే దిక్సూచి కూడా ఉంది. అది సౌకర్యంగా ఉంది, జనానికి నచ్చింది, మిగతావాళ్లూ అదే దారి పట్టారు. దారి చూసుకునే పని ఆటగాడికి తప్పిపోయింది, దారిని ఆసక్తిగా కట్టే పని రూపకర్తకూ తప్పిపోయింది.

డ్రాగన్స్ డాగ్మా 2 దర్శకుడు హిడెయాకి ఇట్సునో ఈ విషయంలో విడుదలకు ముందే తేల్చి చెప్పారు. ప్రయాణం విసుగనిపిస్తే తప్పు ప్రయాణానిది కాదు, ఆటది. ప్రయాణాన్నే సరదాగా చేయాలి అన్నది ఆయన వాదం. 2012లో మొదటి డ్రాగన్స్ డాగ్మా తీసిందీ ఆయనే. పన్నెండేళ్ల తర్వాత కూడా ఆ పట్టు వదల్లేదు.

ముందే తెలిస్తే బాధపడేవాళ్లు ఈ ఒక్క పేరా వదిలేయండి. ఈ దేశంలో ఓ కొండ మీది గుడిలో స్ఫింక్స్ ఉంది. పొడుపు ప్రశ్నలు వేస్తుంది. వాటిలో ఒకటి, దేశమంతా చెల్లాచెదురుగా దాచిన సీకర్స్ టోకెన్ అనే బిళ్లల గురించి. అందులో మొట్టమొదటి బిళ్ల మనకు ఎక్కడ దొరికిందో అక్కడికి తిరిగి వెళ్లి రావాలి. ఒక్కో ఆటగాడికి అది ఒక్కో చోట దొరికి ఉంటుంది కాబట్టి జవాబు ఎవరిది వాళ్లకే తెలియాలి. నేల మీద శ్రద్ధగా నడిచినవాడికే ఈ ప్రశ్న అర్థవంతం. ఇంత కన్నా నిజాయితీ గల పరీక్ష ఈ మధ్య ఏ ఆటలోనూ నేను చూడలేదు.

ఈ అభిమానంతోనే రెండు లోపాలు చెప్పాలి. మొదటిది, దారిలో ఎదురయ్యేవాళ్లలో రకాలు చాలవు. గాబ్లిన్లు, తోడేళ్లు, హార్పీలు, మళ్లీ గాబ్లిన్లు. కొత్త దారిలో ఇది పట్టదు. అదే దారిన మళ్లీ మళ్లీ తిరగాల్సి వచ్చినప్పుడు పడుతుంది. ఇట్సునో పెట్టిన కొలతకే ఈ ఆట అక్కడ తగ్గింది.

రెండోది ఇంకా పెద్దది. విడుదల రోజునే, మనకు నచ్చిన చోట పెట్టుకోగల పోర్ట్‌క్రిస్టల్ ఒకటి, ఇంకొన్ని వస్తువులు అసలు డబ్బుకు అమ్మకానికి పెట్టారు. ఆటలు అమ్మే స్టీమ్ వేదికలో ఆటగాళ్లు కోపంతో ప్రతికూల సమీక్షలు కుమ్మరించారు. పట్టణాల్లో ఆట నెమ్మదిస్తోందన్న ఫిర్యాదూ దానికి తోడైంది. ఆ నెమ్మదికి కారణం, ఊళ్లో ఒక్కో పాత్ర కదలికలకు ప్రాసెసర్ మీద పడే భారమని ఆటను తీసిన క్యాప్‌కామ్ సంస్థ వివరించింది. దాన్ని సాంకేతిక సమస్యగా ఒప్పుకోవచ్చు, సర్దుకుంటుందని ఆశించవచ్చు. అమ్మకం సంగతి అలాంటిది కాదు. ఆ వస్తువులు దాదాపు అన్నీ ఆటలోనే దొరుకుతాయన్నది నిజమే, ఒక్క రూపాయి అదనంగా పెట్టకుండా అంతా ఆడవచ్చన్నదీ నిజమే. కానీ దూరమే ప్రాణంగా కట్టిన ఆటలో దూరాన్ని తగ్గించే వస్తువుకు ధర కట్టడమంటే, తీసినవాళ్లు చెప్పిన మాటను అమ్మేవాళ్లు కొట్టిపారేయడమే. తొలి పదకొండు రోజుల్లో 25 లక్షల కాపీలు అమ్ముడైన ఆటకు ఆ చిల్లర అవసరం లేదు.

తీరిక సంగతీ మాట్లాడుకోవాలి. ఉద్యోగం నుంచి వచ్చి, పిల్లలు పడుకున్నాక గంటసేపు ఆడుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ గంటంతా నడకకే పోతే ఎలా అని వాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. ఆ గంటలో మ్యాపు మీద పది చోట్లకు ఎగిరి పది పనులు టిక్కు పెట్టుకుంటే మనకు మిగిలేది ఆఫీసు పని లాంటిదే. ఒకే దారిన నడిచి, ఓ రాక్షసుడితో తలపడి, చీకటి పడేలోగా గుడారం వేసుకోగలిగితే అది పూర్తయిన ఓ కథ. గంటకు ఒక కథ దక్కితే తీరిక లేనివాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నాదొకటే సలహా. ఫెర్రీస్టోన్‌లు చేతికొచ్చినా తొలి ప్రయాణాలకు వాడకండి. పొద్దున్నే బయల్దేరండి, బరువు తగ్గించుకోండి, లాంతరు నూనె దగ్గర ఉంచుకోండి. ఆటలు తయారు చేసేవాళ్లకూ ఓ విన్నపం. మా హైదరాబాద్ స్టూడియోల్లో పని చేస్తూ ఎప్పటికైనా సొంతంగా ఓ ఊహాలోకం కట్టాలనుకుంటున్న కుర్రాళ్లూ వాళ్లలో ఉన్నారు. మ్యాపు ఎంత పెద్దదన్న పోటీ మానేయండి. చిన్న దేశమే కట్టండి. దాన్ని దాటడానికి ఓ పూట పట్టేలా, ఆ పూట వృథా కాకుండా ఉండేలా కట్టండి. అలాంటి ఆటకు డబ్బు పెట్టడానికి మేం సిద్ధంగా ఉన్నాం.