శరణార్థి గుడిసె: మన మౌనం

బాలాపూర్ పరిసరాల్లో రేకులూ టార్పాలిన్లూ కప్పుకుని బతుకుతున్న రోహింగ్యాల ప్రసక్తి రాగానే మన అధ్యాపక మిత్రులు కూడా ఒకే ప్రశ్న వేస్తారు: వాళ్లు ఇక్కడ ఉండవచ్చునా, కూడదా? దానిని న్యాయస్థానాలు తేల్చనీ. నేను అడిగేది వేరు. ఉన్నన్నాళ్లు ఆ గుడిసెకు ఎవరూ నిప్పు పెట్టకుండా చూసే పూచీ ఎవరిది? 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ కాళిందీకుంజ్ వద్ద వారి బస్తీ బూడిదైనప్పుడు, ఆ పని మాదేనని ఒక యువనాయకుడు బాహాటంగా చెప్పుకున్నాడు.

ఈ రెండు ప్రశ్నలనూ కలగాపులగం చేయటంలోనే ఉన్నది మోసమంతా. సుప్రీంకోర్టు 1996లోనే వీటిని విడదీసింది. అరుణాచల్‌లో చక్మా శరణార్థులను తరిమివేస్తామని ఒక సంఘం గడువు పెట్టి బెదిరించినప్పుడు (అది విద్యార్థి సంఘమని మన విద్యార్థులు గమనించాలి!) పౌరుడు కానివాడి ప్రాణానికి కూడా 21వ అధికరణం రక్షణ ఉన్నదనీ, అదనపు బలగాలను రప్పించి అయినా ఆ మూకను ఆపవలసింది ప్రభుత్వమేననీ తీర్పు చెప్పింది. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై మనం సంతకం చేయలేదు గదా అనేవారికి ఇదే సమాధానం: ఈ రక్షణ ఆ ఒడంబడిక పెట్టిన భిక్ష కాదు, మన రాజ్యాంగంలోనిదే. 2021లో రోహింగ్యాల కోరికను నిరాకరించిన ఉత్తర్వు సైతం ఈ మాటను కాదనలేదు.

ఇక మన సంగతి. 2007 ఆగస్టు 9న బషీర్‌బాగ్ ప్రెస్‌క్లబ్‌లో తస్లీమా నస్రీన్‌పై మజ్లిస్ శాసనసభ్యులు దాడి చేస్తే రచయితలు ఖండించారు, మంచిదే. ఆనాడు ఆమె పక్షాన గొంతు చించుకున్న కాషాయ పక్షమే 2020 నవంబరులో, నగర ఎన్నికల ప్రచారంలో, పాతబస్తీపై ‘సర్జికల్ స్ట్రైక్’ చేసి రోహింగ్యాలను తరుముతామన్నది. ఆమె మీదికి ఉరికినవారేమో రోహింగ్యాలకు అండ మేమే అంటారు. ఇద్దరికీ శరణార్థి నుదుట మతమే కనిపిస్తుంది. మరి మనకు? మనకు రచయిత్రి కనిపించింది; చిత్తు సామాను ఏరుకునేవాడు కనిపించటం లేదు. వాడికి పుస్తకావిష్కరణ సభలు ఉండవు గదా!

1992 ఆగస్టులో జర్మనీలోని రోస్టాక్‌లో వియత్నాం కార్మికులున్న భవనానికి మూకలు నిప్పంటించాయి. పోలీసులు తప్పుకున్నారు. చుట్టూ నిలబడి వేలమంది చప్పట్లు కొట్టారు. నిప్పు పెట్టిన చేతులు వందల్లోనే. వాటికి బలం ఆ చప్పట్లే.

విద్వేష ప్రసంగంపై ఫిర్యాదు లేకున్నా పోలీసులే కేసు పెట్టాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఠాణా మెట్లెక్కటానికే జంకే మనుషులకు ఇంతకన్న అక్కరకు వచ్చే ఉత్తర్వు లేదు. ఐతే అది దానంతట అది కదలదు. అటువంటి ప్రసంగం వినిపించిన మరునాడే తేదీతో, అన్న మాటలతో, పదిమంది అధ్యాపకుల సంతకాలతో అర్జీ పోవాలి. మొదటి సంతకం నేను చేస్తాను.