రామోస్‌కి రెండో ఏడాది ఎందుకివ్వాలి?
2014, లిస్బన్, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. 90 నిమిషాలూ దాటాయి, అట్లెటికో చేతికి కప్పు అందినట్టే. మోద్రిచ్ కార్నర్ కొట్టాడు, సెర్జియో రామోస్ గాల్లోకి లేచి తలతో బంతిని గోలు మూలకి పంపాడు. ఆ ఒక్క గోలుకి రియల్ మాడ్రిడ్ ఎంతిచ్చినా రుణం తీరదు. కానీ కాంట్రాక్టు రాసేది రాబోయే సీజన్‌కి కదా. 2021లో 35 ఏళ్ల రామోస్ రెండేళ్లు కావాలన్నాడు. క్లబ్బు జీతం కాస్త కోసి ఒక్క ఏడాదే ఇస్తానంది. తీరా అతను సరేననేసరికి గడువు దాటిందన్నారట! పదహారు సీజన్లు ఆడినవాడికి పండగ డిస్కౌంటులా గడువేమిటని నాకూ మనసు చివుక్కుమంది. పద్ధతి మోటే, లెక్క మాత్రం తప్పలేదు. ఫార్వర్డ్ ఒక అడుగు వెనకబడితే ఓ అవకాశం పోతుంది, డిఫెండర్ వెనకబడితే గోలే పడుతుంది. పైగా ఆ ఏడాదే మోకాలికి ఆపరేషన్ అయింది. పారిస్ వెళ్లాక తొలి సీజన్ చాలావరకు గాయాలతోనే గడిచింది. ఇక్కడ అలాబా, మిలిటావ్ జోడీతో మాడ్రిడ్ 2022లో లీగూ, ఛాంపియన్స్ లీగూ రెండూ ఎత్తుకుపోయింది. మరి లివర్‌పూల్ 2025 ఏప్రిల్‌లో 33 ఏళ్ల వాన్ డైక్‌కి రెండేళ్లు ఇచ్చిందిగా అంటారా? ఇచ్చింది, ఇవ్వాల్సిందే. ఆ సీజన్లో లీగ్ గెలిచిన జట్టుకి అతనే కెప్టెన్, దాదాపు ప్రతి మ్యాచూ ఆడాడు. మోకాలి పట్టీతో బేరానికి కూర్చోలేదు.