సున్న కలవని యంత్రం



ఛందస్సు, వ్యాకరణం తప్ప మరొకటి ఎరుగని ఈ పంతులు యంత్రాల జోలికి ఎందుకు పోయాడని మీరడగవచ్చు. అడగండి, తప్పు లేదు. మా ఇంట్లోవాళ్ళు రోజూ అడుగుతూనే ఉన్నారు.

మా మనుమడు ఇంజనీరింగు చదువుతున్నాడు. నిరుడు వేసవి సెలవులకు కాజీపేట వచ్చినప్పుడు, విడిభాగాలుగా కొన్న ఒక చిన్న సి.ఎన్.సి. యంత్రాన్ని మా వసారాలో బిగించి, సెలవులు కాగానే నాకు అప్పగించి వెళ్ళిపోయాడు. కంప్యూటరు పంపే అంకెలను బట్టి మోటార్లు తిరుగుతాయి. మోటార్లు పళ్ళ బెల్టులను లాగుతాయి. ఆ బెల్టులు గిరగిర తిరిగే ఒక ముల్లును చెక్క మీద అటూ ఇటూ నడిపిస్తాయి. అంతే దాని స్వరూపం. 1952లో అమెరికాలో ఎం.ఐ.టి. వారు ప్రదర్శించిన ఇటువంటి యంత్రానికి నియంత్రణ కోసం వందలకొద్దీ శూన్యనాళికలు కావలసి వచ్చాయట. ఇప్పుడు ఆ పనిని అరచేతిలో పట్టే పలక ఒకటి చేస్తున్నది. దాన్ని నడిపించే జి.ఆర్.బి.ఎల్. అనే సాఫ్ట్‌వేరును నార్వేకు చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ 2009లో రాసి లోకానికి ఉచితంగా ఇచ్చాడు. తెలుగును కంప్యూటరులోకి తెచ్చి ఫాంటులను ఊరికే పంచిపెట్టిన మనవారి గోత్రమే ఆయనదీ.

నాకు తోచిన ఉపయోగం ఒకటే: టేకు చెక్క మీద అక్షరాలను గాడిగా చెక్కడం. పిల్లలు ఆ గాడిలో వేలు పెట్టి దిద్దుతారు. ఇది నా ఊహ ఏమీ కాదు. రోము నగరంలో క్వింటిలియన్ అనే అధ్యాపకుడు సుమారు 1900 ఏళ్ళ కిందటే, పలక మీద అక్షరాలు గాళ్ళుగా చెక్కించి పిల్లవాని చేత వాటి వెంట గంటం నడిపించమని రాశాడు. మరియా మాంటిస్సోరి గరుకు కాగితపు అక్షరాలు మనలో చాలామందికి తెలిసినవే. మన ఇళ్ళలో పళ్ళెంలో బియ్యం పోసి ఓనమాలు దిద్దించడమూ ఆ జాతిదే. కంటికంటె ముందు వేలికి అక్షరం తెలియాలన్నది నా చిరకాల విశ్వాసం.

పన్నెండు పలకలు చెక్కి, ఎదురింటి అయిదేళ్ళ పాపకు ఇచ్చాను. నెల తరువాత ఆ పిల్ల పలక మీద బలపంతో రాసిన సున్నలు చూసి నాకు గుండె జారింది. ప్రతి సున్నకూ కుడివైపున చిన్న తోక! సున్న చుట్టి వచ్చి, మొదలుపెట్టిన చోటుకు చేరే ముందు చెయ్యి ఒకసారి లోపలికి ఒరుగుతున్నది. "ఇట్లెందుకు రాస్తున్నావమ్మా?" అంటే, "మీ చెక్క మీద గట్లనే ఉన్నది తాతా" అన్నది.

భూతద్దం పెట్టి చూశాను. నిజమే. గాడి మొదలూ తుదీ కలవవలసిన చోట అరమిల్లీమీటరు పైచిలుకు మెట్టు ఉన్నది. సున్న ఎడమ, కుడి అంచులు గుండ్రంగా లేక, ఎవరో ఆకురాయితో అరగదీసినట్టు చదునుగా ఉన్నాయి. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల చేతిరాత దిద్దిన నేను, తప్పును చెక్కలో చెక్కి మరీ పిల్ల చేతికిచ్చాను.

మనుమడికి ఫోను చేశాను. "తాతయ్యా, వంద మిల్లీమీటర్లు నడవమని చెప్పి ఎంత నడిచిందో కొలువు. ఆ నిష్పత్తిలో అంకె మార్చెయ్యి" అన్నాడు. ఆ అంకె సంగతి చెప్పాలి. మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. ఒక్కొక్క అడుగునూ పదహారుగా విభజిస్తే 3200. బెల్టు పళ్ళ మధ్య దూరం 2 మిల్లీమీటర్లు, పుల్లీకి 20 పళ్ళు, కాబట్టి చుట్టుకు 40 మిల్లీమీటర్లు. 3200ను 40తో భాగిస్తే 80. అంటే మిల్లీమీటరుకు 80 అడుగులు. కొలిస్తే వందకు 99.4 మాత్రమే వచ్చింది. వాడు చెప్పినట్టే 80ని 80.48 చేశాను. మళ్ళీ కొలిచాను, వందకు సరిగ్గా వంద. ఉబ్బిపోయాను. కొత్తగా ఒక సున్న చెక్కాను. మెట్టు మెట్టుగానే ఉన్నది!

మా కాజీపేటలో ఒక సుఖమున్నది. ఒక పక్క 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా మొదలైన నేటి ఎన్.ఐ.టి., మరొక పక్క రైల్వే వారి డీజిల్ షెడ్డు, విద్యుత్ ఇంజన్ల షెడ్డు. ఏ యంత్రానికి జబ్బు చేసినా వీధికొక వైద్యుడు దొరుకుతాడు. మా వెనుక వీధిలో డీజిల్ షెడ్డులో పనిచేసి విరమించిన పెద్దమనిషి ఒకరున్నారు. ఆయన వచ్చి, నా కాగితం మీది లెక్కలు చూడనైనా చూడకుండా, యంత్రం కరెంటు తీయించి, ముల్లు ఉన్న బండిని వేలితో అటూ ఇటూ కదిపారు. మోటారు కదలలేదు, బండి కదిలింది.

"సారూ, లెక్క మార్చుడు కాదు, ముందు లూజు చూడుండ్రి" అన్నారు. తరువాత ఆయన చెప్పిన మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. రైలింజను చక్రం నడిచినకొద్దీ అరుగుతుంది. డబ్ల్యూ.డి.ఎం.2 ఇంజనుకు కొత్త చక్రం వ్యాసం 1092 మిల్లీమీటర్లు. అరిగినకొద్దీ చక్రం చిన్నదై, అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది కనుక వేగం చూపే మీటరులో కొత్త వ్యాసం నమోదు చేస్తారు. "చక్రం అరిగితె లెక్క మారుస్తం. చక్రం లూజైతె లెక్క మారుస్తమా సారూ? బండి ఆపుతం."

ఈ రెండిటినీ వేరుచేసి చూడడమే మొత్తం విద్య. లెక్కలో తప్పుంటే దూరంతో పాటు లోపమూ పెరుగుతుంది. వదులు ఉంటే దూరమెంతైనా లోపం దాదాపు ఒక్కటే. అందుకని ఒక్క వందను కొలిచి ఊరుకోకూడదు, 20, 100, 200 మూడూ కొలవాలి. నేను అంకెను మళ్ళీ 80కి తెచ్చి కొలిచాను: 19.4, 99.4, 199.4. మూడింటా అదే ఆరు దశాంశాల లోటు. 80.48 పెట్టినప్పుడు వంద సరిపోయినట్టు కనిపించినా, ఇరవై 19.5 దగ్గరే ఆగింది, రెండు వందలు 200.6 అయింది. గణం సరిపోలేదని హ్రస్వాన్ని దీర్ఘం చేసి పద్యం అప్పగించే విద్యార్థి నాకు జ్ఞప్తికి వచ్చాడు. ఆ పాదం గట్టెక్కుతుంది, పదం చస్తుంది.

ఇంకొక పరీక్ష కూడ ఆయనే చెప్పారు. రెండు గీతలు గీయించేటప్పుడు ముల్లు రెండింటినీ ఒకే వైపు నుంచి చేరేట్టు చేయాలి. అప్పుడు లోటు మాయమైతే దోషం వదులుదే. వదులు అనేది దిక్కు మారినప్పుడే బయటపడుతుంది. సున్నకు ఎడమ, కుడి కొసలలోనే కదా ముల్లు అడ్డంగా పోయేది వెనుదిరిగేది! ఆ రెండు చోట్లా మోటారు తిరుగుతున్నా బండి కదలక, అంచు చదునైంది.

వదులు ఎక్కడున్నదో వెదికాము. బెల్టును వీణ తీగలాగ మీటి చూశారు. గట్టిగా ఉన్న బెల్టు "దుం" మని మందరంగా పలుకుతుంది, మాది చప్పుడే చేయలేదు. బెల్టు సాగిపోయిందేమోనన్నాను. అది లోపల గాజునూలు ఉన్న బెల్టు, అంత సులభంగా సాగదట. చివర పట్టుకున్న బిగింపులోంచి పళ్ళు జారాయి. దాన్ని బిగించాక లోటు 0.6 నుంచి 0.4కు తగ్గింది, కాని పోలేదు. గాలిలో నడిపినా, చెక్కలో నడిపినా అంతే. బెల్టు దోషమైతే చెక్క ఎదురుతిరిగినప్పుడు లోపం పెరగాలి, కాబట్టి ఇది మరొకటి. మోటారు షాఫ్టుకూ పుల్లీకీ కలిపి స్కెచ్ పెన్నుతో ఒక గీత గీసి, యంత్రాన్ని కాసేపు అటూ ఇటూ పరుగెత్తించారు. ఆగేసరికి గీత రెండు ముక్కలైంది. పుల్లీని షాఫ్టుకు పట్టి ఉంచే బియ్యపుగింజంత స్క్రూ వదులై, షాఫ్టు మీది చదును భాగానికి ఎదురుగా కాక పక్కకు కూర్చున్నది. అలెన్ కీతో తిప్పి చదును మీదికి తెచ్చి బిగించాక, అదే 80తో కొలిస్తే 19.98, 99.97, 199.95.

బిగించమన్నారు కదా అని బెల్టును విల్లునారిలాగ లాగకూడదు. నేను ఆ తప్పూ చేశాను. మోటారు బేరింగు మూలగడం మొదలుపెట్టింది, బండి నడుమ నడుమ అడుగులు తప్పింది. వేలితో నొక్కితే కొంచెం వంగి వెంటనే లేచేటంత చాలు.

ఇక నా ఫిర్యాదు. ఇటువంటి యంత్రం కొన్న ప్రతివాడికీ మొదట దొరికే సలహా అంకె మార్చమనడమే. అది సులభం, కుర్చీలోంచి లేవనక్కరలేదు. నా దృష్టిలో అది చివరి పని. లెక్కించి తెచ్చిన 80 కొలతలో 80.1 కావచ్చు, ఒప్పుకుంటాను. 80.48 అయినదంటే స్క్రూలను అడగాలి. పైగా యంత్రాన్ని పరీక్షించడానికి అందరూ గీయించే నమూనా ఒక చతురస్రం. చతురస్రంలో వదులు దాక్కుంటుంది. ప్రతి మూలా చూడడానికి మూలగానే ఉంటుంది కదా! ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల్లో చాలావాటిని ఆ యంత్రం చక్కగానే చెక్కింది. మన లిపి గుండ్రనిది, దాన్ని మోసగించడం కష్టం. దకి థకి తేడా ఒక చుక్క, ఒక వత్తుగీత. ర కడుపులో చుక్క పడితే ఠ. అరమిల్లీమీటరు అటూ ఇటూ అయితే ఆ చుక్క గోడకు అతుక్కుంటుంది. అందుచేత తెలుగువాడు తన యంత్రాన్ని ఠతో పరీక్షించుకోవాలని నా ప్రతిపాదన. రెండు సెంటీమీటర్ల ఠ ఒకటి చెక్కి, అడ్డమూ నిలువూ కొలిచి, చుక్క నడుమ ఉన్నదో లేదో చూస్తే, ఏ బెల్టు వదులైనదో అదే చెబుతుంది. అడ్డంగా సన్నబడితే అడ్డపు బెల్టు, పొట్టిదైతే నిలువు బెల్టు.

ఒక మాట గురించి మీ అభిప్రాయం కావాలి. కాలిబ్రేషనుకు పాఠ్యపుస్తకాల్లో క్రమాంకనం అని ఉన్నది, బాగానే ఉన్నది. ఈ దిక్కు మారినప్పటి వదులును ఇంగ్లీషులో బ్యాక్‌లాష్ అంటారు. నేను "వ్యత్యస్తశైథిల్యం" అని ఒకటి తయారుచేసి పెద్దమనిషికి వినిపించాను. ఆయన కాసేపు ఆలోచించి, "షెడ్డుల మేము ప్లే అంటం సారూ" అన్నారు. నేను కూడ ప్లే అనే అంటున్నాను.

పన్నెండు పలకలూ రంపం పట్టించి, కొత్తవి చెక్కాను. నిలువున నడిపే బెల్టులు రెండు ఉన్నాయి, వాటి బిగువు ఇంకా సమానం కాలేదు. చట్రం ఒక కర్ణం మరొకదానికంటె ఒక మిల్లీమీటరు ఎక్కువగా ఉన్నది. దసరాకు మనుమడు వచ్చాక ఆ సంగతి చూస్తాము. పాప సున్నకు మాత్రం ఆ తోక ఇంకా పోలేదు. రోజూ సాయంత్రం బడి విడిచాక వస్తున్నది. కొత్త పలక గాడిలో వేలు పెట్టించి దిద్దిస్తున్నాను. పాత మెట్టు ఉండవలసిన చోటికి రాగానే ఆ చిన్న వేలు ఇప్పటికీ ఒకసారి ఆగుతున్నది.